మత్తిలి ఠాణా నుంచి బరంపురం ఉరికొయ్య దాకా..

కొండ మీది మనిషికి ఆ రోజుల్లో సర్కారంటే కళ్లకు కనిపించేది ముగ్గురే. శిస్తు కోసం వచ్చే ముఠాదారు. అడవిలో అడ్డం తగిలే గార్డు. ఠాణాలో లాఠీ పట్టుకున్న పోలీసు. కోర్టు ఒకటుందని వినడమే తప్ప దాని మెట్లెక్కినవాళ్లు తక్కువ. ఆ ముగ్గురిలో మొదటివాడి ఇంట పుట్టి, రెండోవాడి హత్య కేసులో ముద్దాయై, మూడోవాడి ఠాణా ముందు దెబ్బలు తిని, చివరికి కోర్టు తీర్పుతో ఉరికంబమెక్కారు లక్ష్మణ్ నాయక్.

ఏటా మార్చి 29న ఆయన విగ్రహాలకు పూలదండలు పడతాయి. నాయకులొస్తారు, ప్రసంగాలవుతాయి. మర్నాటికి దండలు వాడిపోతాయి. ఆయన బతుకు లేవనెత్తిన ప్రశ్నలు మాత్రం ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పేదవాడికి న్యాయం ఎంత దూరం? ఠాణా ఎవరి రక్షణ కోసం? ప్రజల సొమ్ము ముందు దేనికి ఖర్చు కావాలి?

చింతల ఊరి బిడ్డ

1899 నవంబరు 22న తెంతులిగుమ్మలో పుట్టారు లక్ష్మణ్ నాయక్. ఒడియాలో తెంతులి అంటే చింత. కొరాపుట్ జిల్లా బొయిపరిగుడ సమితిలోని ఈ ఊరు కొలాబ్ నది తీరాన ఉంది. ఆ నదే దిగువకు వచ్చాక మనకు శబరి అవుతుంది, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆయనది భూమియా తెగ. తండ్రి పద్లం నాయక్ జయపురం సంస్థానం కింద ముఠాదారు.

ముఠాదారు అనే మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. అల్లూరి సీతారామరాజు కథ విన్న ప్రతివాళ్లకూ తెలుసు. కొన్ని ఊళ్లు కలిపితే ఒక ముఠా. ఆ ఊళ్ల నుంచి శిస్తు వసూలు చేసి సంస్థానానికి కట్టాలి. దొంగతనమైనా, కొట్లాటైనా కబురు పైకి చేర్చాలి. ఊళ్లో తగవులొస్తే తీర్చాలి. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే తహసీల్దారు, సర్పంచి, చౌకీదారు ముగ్గురూ ఒకే మనిషిలో ఉన్నట్టు. ఆ కుర్చీలో ఉన్నవాడు తలచుకుంటే ఊరిని పీల్చి పిప్పి చేయొచ్చు. లేదా ఊరి పక్షాన నిలబడొచ్చు. ముఠాదారు కొడుకుగా హాయిగా గడిచిపోయే బతుకును కాదనుకుని లక్ష్మణ్ రెండో దారే పట్టారు.

ఇద్దరు దొరల కింద కొండలు

ఆయన పుట్టేనాటికి ఈ కొండలు మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. పైన ఇంగ్లిష్ సర్కారు, కింద జయపురం మహారాజు. సంస్థానం సర్కారుకు కట్టే పేష్కష్ ఏడాదికి రూ.16 వేలు. అడవి, భూమి మీద వచ్చేది సంస్థానానికి చేరేది.

కోర్టుల సంగతి వింటే ఇప్పటివాళ్లకు ఆశ్చర్యం వేస్తుంది. మైదానంలో నడిచే కోర్టులు, చట్టాలు కొండల మీద నడవకూడదని 1839లోనే ఓ చట్టం చేశారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల ఏజెన్సీ ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించారు. జిల్లా కలెక్టరే గవర్నరు ఏజెంటు. శిస్తు చూసేది, పోలీసును నడిపేది, తీర్పు చెప్పేది ఆ ఒక్క ఆఫీసే. జయపురం ప్రాంతంలో ఇంగ్లిష్ పోలీసు, మేజిస్ట్రేటు నేరుగా కాలు పెట్టింది 1863లో. 1870లో వాళ్లు కేంద్రాన్ని జయపురం నుంచి ఘాటు మీదున్న కొరాపుట్‌కు మార్చారు. కొరాపుట్ అంత పెద్ద ఊరైంది అప్పటి నుంచే.

గిరిజనుల భూములు మైదానం వాళ్ల చేతుల్లోకి పోకుండా 1917లో మరో చట్టం వచ్చింది. కాగితం మీద బాగానే ఉంది. ఊళ్లలో మాత్రం అప్పు తీర్చలేనివాడు షావుకారు ఇంట్లో ఏళ్ల తరబడి పని చేసే గోతి పద్ధతి నడుస్తూనే వచ్చింది. అధికారి వస్తే సామాను మోయాలి. రోడ్డు పడితే వెట్టి చేయాలి. గార్డు వస్తే కోడి, బియ్యం ఇచ్చుకోవాలి. పోడు కొట్టుకుంటే జరిమానా. అప్పులిచ్చినవాళ్లలో ఒడియా సొండీలూ ఉన్నారు, మైదానం నుంచి ఘాటెక్కి వచ్చిన మన కోమట్లూ ఉన్నారు. ఆ మాట దాచుకోనక్కర్లేదు.

ఇదంతా జరుగుతున్న కాలంలోనే జయపురం సంస్థానం పేరు ఆంధ్రదేశమంతా మోగింది. 1931లో గద్దెనెక్కిన విక్రమదేవ వర్మ తెలుగు, ఒడియా రెండూ వచ్చిన పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేందుకు ఒప్పుకున్న దాత. విశాఖ సైన్సు కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఆ దానం వల్ల ఎందరో తెలుగు పిల్లలు చదువుకున్నారు. దాత గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. కాకపోతే ఆ ఖజానాలో పడ్డ ప్రతి రూపాయీ ఈ కొండల నుంచి, ఈ అడవుల నుంచి దిగినదే. ఘాటు కింద విశ్వవిద్యాలయం లేచింది. ఘాటు మీద తెంతులిగుమ్మ పిల్లాడికి బడి లేదు, బాధ చెప్పుకోడానికి కోర్టు లేదు. సొమ్ము ఎటు పోవాలన్నది రాజు ఇష్టం. రైతును అడిగే పద్ధతి లేదు.

కొండల మీదికి ఖద్దరు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. కొరాపుట్ జిల్లా పుట్టింది ఆ రోజే. రాత్రికి రాత్రి విశాఖ జిల్లా జనం కొరాపుట్ జిల్లా జనమయ్యారు. మద్రాసు హైకోర్టు పోయి పట్నా హైకోర్టు వచ్చింది, ఎందుకంటే ఒడిశాకు అప్పటికి సొంత హైకోర్టు లేదు. కొత్త ఏర్పాటులోనూ ఈ జిల్లాను పాక్షిక మినహాయింపు ప్రాంతంగానే ఉంచారు. అంటే శాసనసభ చేసిన చట్టం ఇక్కడ వర్తించాలంటే గవర్నరు సరేననాలి.

ఆ రోజుల్లోనే కాంగ్రెస్ కొండలెక్కింది. రాధాకృష్ణ విశ్వాసరాయ్, రాధామోహన్ సాహు, సదాశివ త్రిపాఠి వంటివారు ఊరూరూ తిరిగారు. లక్ష్మణ్ నాయక్ వాళ్లతో కలిశారు. నువాపుట్‌లోని కాంగ్రెస్ శిక్షణ కేంద్రంలో నూలు వడకడం, సభ నడపడం, కొద్దిగా చదవడం నేర్చుకున్నారు. చదువు అంతంతే అయినా మాట మీద పట్టుంది. ఊరి భాషలో చెప్పేవారు. వెట్టి చేయొద్దు, లేని మామూళ్లు ఇవ్వొద్దు, సారా మానండి, పిల్లలకు అక్షరం నేర్పండి.. ఆయన చెప్పింది ఇంతే. అప్పట్లో అదే పెద్ద తిరుగుబాటు.

1937 ఎన్నికల్లో కాంగ్రెస్ గెలిచి విశ్వనాథ దాస్ నాయకత్వాన మంత్రివర్గం ఏర్పడింది. మన రాజ్యం వచ్చేసిందన్న ఆశ గూడేల దాకా పాకింది. ప్రపంచ యుద్ధం మొదలయ్యాక 1939 నవంబరులో ఆ మంత్రివర్గం రాజీనామా చేసింది. మళ్లీ అధికారుల పాలనే. లక్ష్మణ్ మాత్రం ఊళ్లు తిరగడం మానలేదు. మల్కన్‌గిరి గాంధీ అని జనం పిలుచుకున్నది ఆయన్నే.

ఆగస్టు 21

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. తీరమంతా గగ్గోలు. సర్కారుకు ప్రతి గుంపులోనూ తిరుగుబాటే కనిపిస్తున్న రోజులవి. ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం జరిగింది. మర్నాడు తెల్లారేసరికి పెద్ద నాయకులంతా జైల్లో ఉన్నారు. కొరాపుట్ నాయకులనూ పట్టుకుపోయారు. ఇక చేయాల్సింది ఊళ్లలో మిగిలినవాళ్లే.

ఆగస్టు 21న లక్ష్మణ్ నాయక్ ముందు నడవగా జనం మత్తిలి పోలీసు ఠాణాకు బయల్దేరారు. చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చినవాళ్లు. ఠాణా మీద కాంగ్రెస్ జెండా ఎగరేయాలని వాళ్ల ఉద్దేశం. పోలీసులు అడ్డుకున్నారు. ముందు లాఠీలు, తర్వాత తూటాలు. అక్కడికక్కడే మనుషులు కూలిపోయారు. ఎందరన్నది ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. లక్ష్మణ్ కూడా దెబ్బలు తిని పడిపోయారు. ఆ గలాటాలోనే జి.రామయ్య అనే ఫారెస్టు గార్డు చనిపోయారు.

సరిగ్గా ఇరవై ఏళ్ల కిందట, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై దాడి చేశారు. ఆ కొండలూ ఈ కొండలూ ఒకే వరసలోవి, అప్పట్లో ఒకే జిల్లా. వెట్టి, అడవి ఆంక్షలు, అధికారుల జులుం.. కారణాలూ ఒకటే. సీతారామరాజు తుపాకుల కోసం ఠాణాకు వెళ్లారు. లక్ష్మణ్ జెండాతో వెళ్లారు. సర్కారు ఇద్దరికీ ఇచ్చిన జవాబు మాత్రం ఒకేలా ఉంది.

మత్తిలి తర్వాత మూడో రోజున నవరంగపూర్ వైపు పాపడాహండిలోనూ కాల్పులు జరిగాయి. అక్కడా పలువురు చనిపోయారు. కొరాపుట్ జైలు ఖైదీలతో కిక్కిరిసింది. ఆ ఇరుకులో రోగాలొచ్చి చనిపోయిన సత్యాగ్రహులూ ఉన్నారు.

తీర్పు

ఠాణా ముందు చనిపోయిన జనం గురించి ఏ పోలీసూ బోనెక్కలేదు. గార్డు రామయ్య హత్య కేసు మాత్రం నడిచింది. లక్ష్మణ్ నాయక్ కొట్టిన దెబ్బకే గార్డు చనిపోయాడని ప్రాసిక్యూషన్ చెప్పింది. ఉద్యమాన్ని అణచడానికి నాయకుణ్ని కేసులో ఇరికించారని ఆయన వైపువాళ్లు అప్పుడూ అన్నారు, తర్వాతా అంటూనే వచ్చారు. కొరాపుట్‌లో అదనపు సెషన్స్ జడ్జి విచారణ జరిపారు. ఆగస్టులో ఘటన, నవంబరుకల్లా తీర్పు. లక్ష్మణ్‌కు ఉరిశిక్ష పడింది. మరికొందరికి జైలు శిక్షలు.

మూడు నెలల్లో ఓ హత్య కేసు తేలిపోవడం ఇప్పటి రోజుల్లో వింతే. కోర్టు అంత వేగంగా కదిలింది సర్కారు తరఫు మనిషి చనిపోయినందుకు. గోతి కింద పదేళ్లు ఊడిగం చేసినవాడి కోసం, మామూళ్లు గుంజిన అధికారి మీద ఆ వేగం ఎన్నడూ కనపడలేదు.

సెషన్స్ జడ్జి వేసిన ఉరిశిక్షను హైకోర్టు ఖాయం చేస్తేనే అమలు చేయాలి. అదప్పటి చట్టం. కాబట్టి ఫైలు పట్నాకు వెళ్లింది. కొరాపుట్‌కు అప్పటికి రైలు లేదు. సుంకి ఘాటు దిగి సాలూరు చేరితేగానీ రైలు పట్టాలు కనపడవు. అక్కణ్నుంచి పట్నా ఎక్కడ? తెంతులిగుమ్మ ఎక్కడ? ఆయన మాట్లాడేది కొండల మీది దేసియా ఒడియా. తీర్పులు రాసేది ఇంగ్లిష్‌లో. తన ప్రాణం గురించి ఎవరు ఏం రాశారో చదువుకునే వీలు కూడా ఆ మనిషికి లేదు.

పట్నా హైకోర్టు అప్పీలు కొట్టేసింది. 1943 మార్చి 29 తెల్లవారుజామున బరంపురం జైల్లో లక్ష్మణ్ నాయక్‌ను ఉరితీశారు. అప్పటికి ఆయన వయసు 43 ఏళ్లు.

చనిపోయిన గార్డు రామయ్య సంగతి కూడా ఒక్కసారి తలచుకోవాలి. ఆయన దొర కాడు, సంస్థానం అడవికి కాపలా కాసిన చిన్న జీతగాడు. పైవాళ్ల నిబంధనలకు కింద ఆయన ముఖమే కనపడింది. జనం కోపం ఆయన మీదే పడింది. ఒక పాలన చెడితే ముందు నలిగేది దాని చివరి మెట్టు మీద నిలబడ్డ మనుషులే.

ఆ తర్వాత..

స్వాతంత్ర్యం వచ్చాక ఒక్కొక్కటీ మారింది. 1948 జులై 26న కటక్‌లో ఒడిశా హైకోర్టు మొదలైంది. పట్నా ప్రయాణం తప్పింది. గోతి పద్ధతిని రద్దు చేస్తూ అదే ఏడాది ఉత్తర్వు వచ్చింది. 1952 చివర్లో జయపురం సంస్థానం రద్దై అడవులు ప్రభుత్వానివయ్యాయి. 1992 అక్టోబరులో పెద్ద కొరాపుట్ జిల్లా నాలుగైంది. కొరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి. ఆయన పుట్టిన ఊరు కొరాపుట్‌లో ఉండిపోయింది. ఆయన దెబ్బలు తిన్న మత్తిలి మల్కన్‌గిరికి పోయింది. 1989లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. 2017లో కొరాపుట్‌లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలకు షహీద్ లక్ష్మణ్ నాయక్ పేరు పెట్టారు. పేర్లలోకెల్లా ఇది మంచి పేరు. రోగం నయమైన ప్రతి కొండ మనిషీ ఆ గేటు మీద ఆయన పేరు చూసి ఇంటికెళ్తాడు.

అయితే ఠాణా ముందు జనం, జనం ముందు తుపాకీ అన్న దృశ్యం మత్తిలితో ఆగలేదు. 2000 డిసెంబరు 16న రాయగడ జిల్లా కాశీపూర్ సమితి మైకంచ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు గిరిజనులు బలయ్యారు. అక్కడ గొడవ అల్యూమినా కర్మాగారం, భూముల గురించి. 2009 నవంబరు 20న కొరాపుట్ జిల్లా నారాయణపట్న ఠాణా దగ్గర కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఇంకోవైపు 2004 ఫిబ్రవరి 6న మావోయిస్టులు కొరాపుట్ ఆయుధాగారాన్నే కొల్లగొట్టారు. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో లాంచీపై జరిగిన దాడిలో 30 మందికి పైగా జవాన్లు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆంధ్రా గ్రేహౌండ్స్ కుర్రాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో ఆ కబురు విని ఏడవని ఊరు లేదు. ఇటు తూటా తగిలినా, అటు మందుపాతర పేలినా ఖాళీ అయ్యేది పేదింటి మంచమే.

పార్కా.. కోర్టా?

పట్టణాల్లో విగ్రహం, దాని చుట్టూ కంచె, నాలుగు బెంచీలు, పూల మొక్కలు పెట్టడం తేలిక. ఎందుకంటే పార్కులు, తోటలు, ఆట స్థలాలు మున్సిపాలిటీల పనేనని రాజ్యాంగం 12వ షెడ్యూలులో రాసి ఉంది. పోలీసు, కోర్టు ఆ జాబితాలో లేవు. అవి రాష్ట్రం చేతిలోనివి. కౌన్సిల్‌లో ఎంత మంచివాళ్లున్నా కోర్టుకు గది కట్టించలేరు, ఠాణాకు సిబ్బందిని వేయలేరు. తీర్మానం చేసి పైకి పంపగలరు, అంతే. అందుకే చేతిలో ఉన్న డబ్బు కంటికి కనిపించే పనికి పోతుంది. పార్కు తప్పని ఎవరూ అనరు. ఊపిరి పీల్చుకోడానికి పిల్లలకూ ముసలివాళ్లకూ నాలుగు చెట్లు కావాల్సిందే. కాకపోతే లక్ష్మణ్ నాయక్ పేరు పెట్టి అక్కడితో ఆగిపోతే ఆయన అడిగింది ఇచ్చినట్టు కాదు.

ఆయన అడిగినవాటిలో కొన్ని ఇప్పుడు చట్టంలో ఉన్నాయి. చాలామందికి తెలీదు. ఎస్టీ, ఎస్సీ కులాలవారికి, మహిళలకు, జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా న్యాయసేవల సంస్థకు ఓ దరఖాస్తు పెడితే చాలు. 1987 నాటి చట్టం అది, 1995 నుంచి అమల్లో ఉంది. జడ్జే పల్లెకు వచ్చి కేసు వినేలా 2008లో గ్రామ న్యాయాలయాల చట్టం చేశారు. ఒడిశాలోనూ కొన్ని ఏర్పాటయ్యాయి. కొరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఇక్కడి గ్రామసభకు తమ ఆచారం ప్రకారం తగవు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే హక్కుంది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి పట్టా అడగమంటోంది. ఒకప్పుడు జరిమానా పడ్డ పని, ఇప్పుడు హక్కు.

గ్రామసభ మాట నీటి మీద రాత కాదని రాయగడ జిల్లా ఓసారి రుజువు చేసింది. నియమగిరి కొండపై బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడలో ఏడు, కలహండిలో అయిదు ఊళ్లలో సభలు పెట్టారు. జిల్లా జడ్జి స్థాయి అధికారి ఊరికి వచ్చి చెట్టు కింద కూర్చున్నారు. డోంగ్రియా కోందులు తమ భాషలో చెప్పారు, అది కాగితం మీదికెక్కింది. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. ఒక్క తూటా పేలకుండా తేలిన తగవది.

1942లో మత్తిలి దగ్గర అలాంటి ఒక్క సభ జరిగి ఉంటే, జనం మాట వినే ఒక్క అధికారి ఠాణా బయటికొచ్చి కూర్చుని ఉంటే ఆ రోజు చనిపోయిన రైతులూ, గార్డు రామయ్యా, ఏడు నెలల తర్వాత లక్ష్మణ్ నాయక్‌ కూడా ఇళ్లకు తిరిగి వెళ్లి ఉండేవాళ్లు. పంచాయతీ బడ్జెట్ మీద గ్రామసభ కూర్చున్నప్పుడు, మున్సిపాలిటీలో లెక్కలు చదివినప్పుడు ఆయన్ని తలచుకోవాల్సింది ఇందుకే. విగ్రహానికి రంగు వేయించండి. దాంతోపాటే ఊరికి న్యాయసేవల శిబిరం ఎప్పుడొస్తుందో, జైల్లో ఉన్న మన ఊరివాడికి వకీలు దొరికాడో లేదో, అటవీ పట్టాల దరఖాస్తులు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో సభలో లేచి అడగండి. ముఠాదారు ఇంట పుట్టిన మనిషి ఊరి పక్షాన అడిగినవి ఇలాంటి ప్రశ్నలే.